నడుము కొలత, గుండె లయ
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించి చెప్పే మనిషిని నేను. ఈసారి ఆరోగ్యం గురించి మాట్లాడతానని అడిగి అనుమతి తీసుకున్నాను. దానికీ స్కాలర్‌షిప్పులకీ సంబంధం ఉంది. పిల్లల దరఖాస్తులు చదివి వరస పెట్టే పని నాది. అందులో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో 'పక్షవాతం, మంచం మీద ఉన్నారు' అని రాసి వచ్చే దరఖాస్తులు ఏటా కనిపిస్తున్నాయి. ఆ తండ్రి మరీ ముసలివాడు కూడా కాదు. పని చేసుకునే వయసువాడు. ఆ ఇంట్లో ఆడపిల్ల చదువు మొదట ఆగుతుంది, తర్వాత మగపిల్లాడు మెకానిక్ షెడ్డులో చేరతాడు. అప్పుడు వాళ్లు మన దగ్గరికి వస్తారు. మనం ఫీజు కడతాం. కట్టాలి కూడా. కాని ఆ తండ్రి మంచాన పడకముందు మనం చేయగలిగింది ఏమైనా ఉందా అన్నదే ఈరోజు నా ప్రశ్న.

పక్షవాతానికి కారణాలు చాలా ఉన్నాయి. బీపీ అన్నిటికంటే పెద్దది. అయితే చప్పుడు లేకుండా వచ్చే మరో కారణం ఉంది. గుండె కొట్టుకునే లయ తప్పడం. ఈ లయ తప్పడానికీ, ఒంట్లో కొవ్వు ఎక్కడ చేరింది అన్నదానికీ దగ్గరి సంబంధం ఉందని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. నేను డాక్టరును కాను. బడిలో పాఠం చెప్పుకునేవాణ్ణి. కాబట్టి పదో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. మందుల సంగతి డాక్టర్లే చెప్పాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. గుండె జబ్బు పట్నం వాళ్లది, డబ్బున్న వాళ్లది అని మనలో చాలామంది అనుకుంటారు. మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే దీనికి జవాబు దొరికి ఇరవై ఏళ్లు దాటింది. 'ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్' అనే పేరుతో బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, ఆస్ట్రేలియాలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు కలిసి మన పల్లెల్లో పనిచేశాయి. 45 గ్రామాలు, సుమారు 1,80,000 జనాభా. 2003 అక్టోబరు నుంచి 2004 సెప్టెంబరు వరకు ఆ ఊళ్లలో చనిపోయిన 1,354 మంది ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంటివాళ్లను అడిగి రాసుకున్నారు. వాటిని డాక్టర్లు పరిశీలించారు. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల. గుండెపోటు, పక్షవాతం ఈ లెక్కలోవే. అంటురోగాల వాటా నూటికి 12 మాత్రమే. కాలువ గట్ల మీద, వరి చేల మధ్య బతికే మనుషుల లెక్క ఇది.

ఇప్పుడు గుండె పాఠం. గుండెకు నాలుగు గదులు. పై రెండూ కర్ణికలు, కింది రెండూ జఠరికలు. కుడి కర్ణిక గోడలో లయారంభకం అని ఒక చిన్న కణుపు ఉంటుంది. అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం ముందు పై గదులకు, ఆ వెంటనే కింది గదులకు అందుతుంది. జమాత్‌లో ఇమామ్ గారు తక్బీర్ అనగానే వరసలన్నీ ఒక్కసారి వంగినట్టు, ఆ సంకేతం అందిన గది కండరమంతా ఒక్కసారి ముడుచుకుంటుంది. పై గదుల్లో పదిచోట్ల నుంచి పది సంకేతాలు పుడితే ఎవరి దారి వారిదే అవుతుంది. గది సరిగా ముడుచుకోదు, ఊరికే వణుకుతుంది. నాడి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి, ఏ లెక్కకూ అందకుండా కొట్టుకుంటుంది. దీన్ని డాక్టర్లు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. మనం 'లయ తప్పిన గుండె' అనుకుందాం.

గది వణికితే వచ్చే ప్రమాదం ఏమిటి? కాలువ శివారు సంగతి మనకు తెలుసు. పారే నీరు శుభ్రంగా ఉంటుంది, కదలని చోట నాచు పడుతుంది. ఎడమ పై గదికి ఒక చిన్న సంచి లాంటి మూల ఉంటుంది. గది ముడుచుకోకపోతే ఆ మూలలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఎప్పుడో ఊడి, రక్తంతో పాటు మెదడుకు చేరి నాళాన్ని మూసేస్తే పక్షవాతం. ఈ లయ తప్పినవారికి పక్షవాతం వచ్చే ముప్పు మిగతావారి కంటే సుమారు అయిదు రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో దశాబ్దాల పాటు జరిగిన పరిశీలన చెప్పింది. కొందరికి గుండె దడ, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటాయి. చాలామందికి ఏమీ తెలియదు. పక్షవాతం వచ్చి ఆసుపత్రికి వెళ్లాక ఈసీజీలో మొదటిసారి బయటపడుతుంది.

ఇక కొవ్వు సంగతి. కొవ్వు ఒంటికి శత్రువు కాదు. చర్మం కింద ఉన్న కొవ్వు వేడిని కాపాడుతుంది, తొడల దగ్గరా తుంటి దగ్గరా ఉన్నది ఆపత్కాలానికి దాచిన ధాన్యం లాంటిది. చిక్కంతా లోపల చేరే కొవ్వుతో. పేగుల చుట్టూ, కాలేయం మీద, చివరికి గుండె మీద కూడా అది చేరుతుంది. ఫ్రాన్సులో జాఁ వాగ్ అనే డాక్టరు 1947లోనే ఈ తేడా గమనించి రాశాడు. బరువు ఒకటే అయినా, పై భాగంలో లావెక్కినవారికి చక్కెర వ్యాధి, రక్తనాళాల జబ్బులు ఎక్కువ వస్తున్నాయన్నాడు. చాలా కాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత మన కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన డాక్టర్ సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాల్లో ఇంటర్‌హార్ట్ అధ్యయనం జరిగింది. ఎత్తుకు తగ్గ బరువు లెక్క అయిన బీఎంఐ కంటే, నడుముకూ తుంటికీ మధ్య నిష్పత్తి గుండెపోటు ముప్పును బాగా పట్టిస్తుందని అందులో తేలింది.

అది గుండెపోటు మాట. లయ మాటకు వస్తే, గుండెకు ఆనుకుని ఉండే కొవ్వుది ప్రత్యేకమైన స్థానం. ఆ కొవ్వుకూ గుండె కండరానికీ మధ్య అడ్డుపొర లేదు. రెండింటికీ ఒకే సన్నని రక్తనాళాలు. అందుచేత ఆ కొవ్వులోంచి వచ్చే వాపు పుట్టించే పదార్థాలు నేరుగా కండరంలోకి ఇంకుతాయి. కండరం మధ్య మచ్చలాంటి నార కణజాలం పెరుగుతుంది. కొన్నిచోట్ల కొవ్వే కండరంలోకి చొచ్చుకుపోతుంది. విద్యుత్ సంకేతం సాఫీగా వెళ్లాల్సిన దారిలో గతుకులు పడ్డట్టన్నమాట. సంకేతం ఒకచోట ఆగుతుంది, ఒకచోట చుట్టు తిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది. అక్కడే లయ చెడుతుంది. ఫ్రామింగ్‌హామ్‌లోనే స్కానింగు తీసి చూసినప్పుడు, మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, గుండె చుట్టూ కొవ్వు ఎక్కువ ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించింది. గుండె మీది కొవ్వు మన కంటికి కనపడదు. పెరిగిన నడుమే దానికి పైకి కనిపించే ఆనవాలు.

పెద్ద పొట్ట మరో మూడు దారుల్లో కూడా గుండెను ఇబ్బంది పెడుతుంది. బీపీ పెంచుతుంది. చక్కెర వ్యాధిని తెస్తుంది. రాత్రి నిద్రలో గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేలా చేస్తుంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ గుండె పై గదుల మీద ఒత్తిడి పడి అవి సాగుతాయి. ఇంట్లో గురకను చూసి మనం నవ్వుకుంటాం. 'ఆయన గురకకు పక్కింటి వాళ్లు కూడా లేస్తారు' అంటాం. ఊపిరి ఆగుతూ వచ్చే గురక డాక్టరుకు చెప్పుకోవాల్సిన విషయం.

ఒక జాగ్రత్త మాట కూడా చెప్పాలి. నడుము ఒక్కటే సర్వం కాదు. మొత్తం బరువు పెరిగినా ఈ ముప్పు పెరుగుతుంది. బీఎంఐ ఒక్కో అంకె పెరిగిన కొద్దీ సుమారు నూటికి 4 వంతుల ముప్పు పెరుగుతుందని 2004లో తేలింది. వయసు, థైరాయిడ్ ఎక్కువ కావడం, మద్యం, గుండె కవాటాల జబ్బు కూడా కారణాలే. సన్నగా ఉన్నవారికి రాదనీ, లావుగా ఉన్నవారికి తప్పదనీ ఎవరూ అనుకోవద్దు.

'నేను సన్నగానే ఉన్నానుగా మాస్టారూ' అనేవారికి ఒక కథ లాంటి నిజం చెబుతాను. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, లండనులో డాక్టర్ యుడ్‌కిన్ అని ఇద్దరు స్నేహితులు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే లండను డాక్టరుకు నూటికి 9.1, మన పుణె డాక్టరుకు 21.2. రెండింతలు దాటింది! ఈ ఇద్దరి ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట మాత్రం ముందుకు ఉండటం మన భారతీయుల ఒంటి తీరు. ఇది పుట్టుక నుంచే మొదలవుతుందని యాజ్ఞిక్ గారి బృందం చూపించింది. మన పసిబిడ్డలు ఇంగ్లండు బిడ్డల కంటే తక్కువ బరువుతో పుట్టినా, తగ్గిందంతా కండలోనే, కొవ్వులో అంతగా కాదు. గర్భిణికి మంచి తిండి పెట్టడం రేపటి గుండెను కాపాడటమేనని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

అందుకే మనకు కొలతలు కూడా వేరు. 2009లో మన దేశపు వైద్య నిపుణులు కలిసి కూర్చుని నిర్ణయించారు. మగవారి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారిది 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంగుళాల్లో సుమారు 35½, 31½. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. దేశమంతటా జరిపిన ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం పెద్దవాళ్లలో నూటికి దాదాపు 40 మందికి నడుము ఈ హద్దు దాటి ఉంది. ఈ హాలులో మనం ఎంతమందిమో మీరే లెక్క వేసుకోండి.

కొలవడం ఎలా? ప్యాంటు సైజు లెక్కలోకి రాదు. మనలో చాలామంది బెల్టు పొట్ట కింద పెట్టుకుంటాం, అందుకని పదేళ్లుగా సైజు మారలేదని సంతోషిస్తాం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టాలి. నిటారుగా నిలబడి, పొట్ట లోపలికి లాగకుండా, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. టేపు లేకపోతే ఒక పురికొస చాలు. మీ ఎత్తుకు సరిపడా కత్తిరించి రెండుగా మడవండి. ఆ మడత మీ నడుము చుట్టూ తిరిగి రావాలి. రాకపోతే నడుము ఎత్తులో సగం దాటిందని అర్థం. మా బడి పిల్లలకు నిష్పత్తుల పాఠం ఇలాగే చెప్పాను. మర్నాడు ఇంట్లో అమ్మీ, అబ్బాల కొలతలు రాసుకుని వచ్చారు. కొందరు నానమ్మలనూ వదల్లేదు.

నాడి చూడటం ఇంకా సులువు. అయిదు నిమిషాలు కూర్చున్నాక, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించండి. అర నిమిషం లెక్కపెట్టండి. గోడ గడియారంలా సమంగా కొడుతోందా, లేక అడ్డదిడ్డంగా ఉందా? నలభై దాటినవారు నెలకొకసారి చూసుకుంటే మంచిది. తేడాగా ఉంటే భయపడక్కర్లేదు, ఈసీజీ తీయించుకోండి. ఈసీజీ లేకుండా జబ్బు ఉందనీ లేదనీ ఎవరూ చెప్పలేరు. నిజంగా లయ తప్పిందని తేలితే, అవసరమైనవారికి డాక్టరు రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు. ఆ మందు సరిగ్గా వాడితే మూడు పక్షవాతాల్లో రెండింటిని ఆపవచ్చు. ఇంత మేలు చేసే మందు వాడకపోవడం ఎంత నష్టమో ఆలోచించండి.

నోరు వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా పసరు వైద్యానికి పరుగెత్తి పొద్దు పోగొట్టకండి. వెంటనే 108కు ఫోన్ చేయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షనుకు సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

పెరిగిన నడుము తగ్గితే లయ బాగుపడుతుందా? బాగుపడుతుందని ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో 2015లో చూపించారు. లయ జబ్బు ఉన్న బరువైన 355 మందిని కొన్నేళ్లు గమనించారు. బరువులో పదో వంతు, అంతకంటే ఎక్కువ తగ్గించుకుని నిలబెట్టుకున్నవారిలో నూటికి సుమారు 46 మంది, మందులు గానీ శస్త్రచికిత్స గానీ లేకుండానే లయ నిలుపుకున్నారు. బరువు తగ్గనివారిలో అలాంటివారు 13 మందే. 80 కిలోల మనిషికి పదో వంతు అంటే 8 కిలోలు. అసాధ్యం కాదు. ఆ అధ్యయనంలోనే మరో సంగతి తేలింది. తగ్గుతూ పెరుగుతూ ఊగిసలాడినవారికి ఆ మేలు కొంతవరకు పోయింది. ఇది మనం గుర్తుపెట్టుకోవాలి. రంజాన్‌లో మూడు కిలోలు తగ్గి, ఈద్ తర్వాత నాలుగు కిలోలు పెరిగితే లాభం లేదు. ఇఫ్తారులో ఖర్జూరం, పండ్లు ఉంచుకుని, నూనెలో తేలే బజ్జీలు, సమోసాలు తగ్గిద్దాం. గుండె మందులు వాడేవారు రంజాన్‌కు నెల ముందే డాక్టరును కలవాలి. మందు వేళలు సొంతంగా మార్చకూడదు.

మన డెల్టా తిండి సంగతి మీకు చెప్పేదేముంది. కాటన్ దొర ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి మనకు తెల్లన్నానికి లోటు లేదు. ఒకప్పుడు ఆ అన్నం తిన్న మనిషి ఊడ్పులు ఊడ్చాడు, కోతలు కోశాడు, రేవులో బస్తాలు మోశాడు. ఇప్పుడు కోత మిషను వచ్చింది, స్కూటరు వచ్చింది, ముద్ద మాత్రం తగ్గలేదు. పెళ్లిళ్లలో బిర్యానీ, ఆపైన డబల్ కా మీఠా, ఇంటికి వచ్చేటప్పుడు చేతిలో కాజాల డబ్బా. మానేయమని నేను అనను. పళ్లెంలో అన్నం ఒక వంతు తగ్గించి, పప్పు, కూర, చేప ఒక వంతు పెంచండి. మగవారు మసీదుకు బండి మీద కాకుండా నడిచి వెళ్లవచ్చు. ఆడవారికి ఆ అవకాశం తక్కువ. నెలసరి ఆగిన తర్వాత వారి ఒంట్లో కొవ్వు తుంటి నుంచి పొట్టకు మారుతుంది కూడా. సాయంత్రం పూట షాదీఖానా ఆవరణ ఒక గంట ఆడవారి నడకకు వదిలిపెడితే పైసా ఖర్చు లేని సేవ అవుతుంది.

ఇప్పుడు దాతలకు నా విన్నపం. మూడు పనులు.

మొదటిది. మన సొసైటీ కుట్టుమిషన్లు ఇస్తోంది. మిషనుతో పాటు టేపు ఎలాగూ ఇస్తున్నాం. ఆ టేపుతో ఇంటిల్లిపాది నడుము ఎలా కొలవాలో ఆ రోజే నేర్పిద్దాం. గంటల తరబడి మిషను ముందు కూర్చునే ఆ చెల్లికి ఆ కొలత ముందుగా కావాలి. ముప్పై ఏళ్లు దాటినవారి వివరాలు రాసుకునే ఆశా కార్యకర్త కాగితంలో నడుము కొలతకు కూడా మార్కులున్నాయి. మొత్తం నాలుగు దాటితే పరీక్షలకు ముందు పంపాలని అందులోనే ఉంది. ఆమె మన వీధికి వచ్చినప్పుడు తలుపు తీసి సహకరిద్దాం. ఏడాదికి రెండుసార్లు మదరసా ఆవరణలో బీపీ, నాడి, ఈసీజీ శిబిరం పెడదాం.

రెండోది. పెద్ద ఆపరేషనుకు ప్రభుత్వ పథకం ఆదుకుంటోంది. నెలనెలా వేసుకోవాల్సిన మాత్రకూ, ఆ మందు సరిపోతోందో లేదో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షకూ, ఆసుపత్రికి వెళ్లే బస్సు చార్జీకీ పేద ఇల్లు తడుముకుంటుంది. ఒక నెల మందు మానేస్తారు. ఆ నెలలోనే గడ్డ కడుతుంది. మన వైద్య నిధిలో కొంత ఇలాంటి నెలసరి సాయానికి కేటాయించాలి. ఏ నిధిలోంచి, జకాత్ నుంచా సదఖా నుంచా అన్నది ఆలింలు చెప్పాల్సిన మాట, వారిని అడిగి చేద్దాం.

మూడోది పిల్లల సంగతి. మన దేశంలో లయ తప్పిన గుండె రోగుల జాబితా తయారుచేస్తే, అందులో దాదాపు సగం మందికి కారణం చిన్నప్పటి కీళ్లవాత జ్వరం వల్ల పాడైన కవాటాలేనని తేలింది. వీరికి నడుముతో పని లేదు. ఇరుకు ఇళ్లలో పిల్లలకు వచ్చే గొంతునొప్పి, జ్వరం, కీళ్ల వాపు దగ్గర ఇది మొదలవుతుంది. ఈ జబ్బు వచ్చిన బిడ్డకు డాక్టరు చెప్పినన్నాళ్లు పెన్సిలిన్ ఇంజెక్షన్ ఆపకుండా వేయించాలి. అలాంటి బిడ్డ మీ వీధిలో ఉంటే మాకు చెప్పండి. బడిలో హాజరు ఎలా వేస్తామో ఆ ఇంజెక్షనుకూ అలాగే వేద్దాం.

చివరగా, దాతలుగా మీరు మీ గురించి కూడా ఆలోచించాలి. ఈ సంస్థ మీ చేతుల మీద నడుస్తోంది. మీలో చాలామంది తెల్లారి నుంచి రాత్రి పది దాకా దుకాణం గల్లా దగ్గర కూర్చునేవారే. ఈరోజు భోజనానికి లేచే ముందు, బయట బల్ల దగ్గర మన దర్జీ సోదరులు ఇద్దరు టేపులు పట్టుకుని నిలబడి ఉంటారు. మగవారికి అక్కడ, ఆడవారికి లోపల మా టీచరమ్మ దగ్గర. కొలత మీ చీటీ మీద రాసి మీకే ఇస్తారు, ఎవరికీ చదివి వినిపించరు. వచ్చే ఏడాది ఇదే సభకు ఆ చీటీ తీసుకురండి.

వచ్చే ఏడాది దరఖాస్తుల్లో 'తండ్రి వృత్తి' గడిలో ఒక్క ఇంట్లోనైనా 'మంచం మీద' అనే మాట బదులు 'ఆటో డ్రైవరు' అనో, 'దర్జీ' అనో ఉంటే, మనం ఇచ్చిన టేపు ధర వచ్చేసినట్టే.

 అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.